సారు తోక నా దగ్గరే ఉండిపోయింది

మా డ్రిల్లు సారు పోయారని పోలమ్మ ఫోన్ చేసేటప్పటికి నేను షాపులో ఒకావిడ జాకెట్టు గుడ్డ కత్తిరిస్తున్నాను. పోలమ్మ ఆరో తరగతి నుంచి నాతో చదువుకుంది. ఇప్పుడు పాళెంలో చేపల వ్యాపారం చేస్తోంది. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు నన్ను నాలుగు మాటలు అనందే విషయానికి రాదు. ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు. "మస్తానీ, సారు పోయినారంట. పొద్దన్నే, గూడూర్లో," అంది.

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. అయ్యో, ఆయన తోక నా దగ్గరే ఉండిపోయిందే అనిపించింది. చదివేవాళ్లు నవ్వుకున్నా పరవాలేదు. ఆయన కూడా నవ్వేవారు.

తోక అంటే మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉండే ఎర్రగుడ్డ ముక్క. నా మిషను సొరుగులో, దారపు ఉండల పక్కన, మడత పెట్టి ఉంటుంది. నేను పదో తరగతి చదివే రోజుల్లో ఆయన నడుము నుంచి నేనే దాన్ని లాగాను. ఆట పద్ధతి ప్రకారం వెంటనే ఆయన చేతికి తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పాలంటే ఆ ఆట గురించి చెప్పాలి. ఆట గురించి చెప్పాలంటే మా అన్న భుజం గురించి చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

మా ఊరు సూళ్లూరుపేటకి తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఊరికీ చేపలు పట్టేవాళ్ల పాళేనికీ మధ్యలో హైస్కూలు. గ్రౌండంతా ఇసుక, ఆ చివర సరుగుడు తోపు. సారు రోజూ గూడూరు నుంచి రైల్లో వచ్చి, స్టేషన్లో పెట్టుకున్న సైకిలు తొక్కుకుంటూ బడికొచ్చేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల క్యాన్వాసు బూట్లు వేసుకునేవారు. ఆ బూట్లకి పాలిష్ కొనేవారు కాదు. తరగతి గదుల్లో మిగిలిన సుద్దముక్కలు ఏరి, నీళ్లలో నానబెట్టి పూసుకునేవారు. అందుకని ఆయన నడిచిన వరండాలో అక్కడక్కడా తెల్లటి అచ్చులు కనబడేవి. ఆయన ఎటు పోయారో అడగాల్సిన పని ఉండేది కాదు.

చొక్కా జేబులో ఎప్పుడూ గూడూరు నిమ్మకాయలుండేవి. ఆట అయిపోయాక వాటిని సగానికి కోసి, ఉప్పద్ది, ఒక్కో బద్ద చేతిలో పెట్టేవారు. మేం అది చీకుతూ ముఖాలు వంకర్లు పెడితే చూడ్డం ఆయనకు మహా సరదా. ఎవరి ముఖం ఎక్కువ వంకర పోతే వాళ్లకి ఇంకో బద్ద. ఈ బహుమతి నాకు చాలాసార్లు వచ్చింది, దాన్ని బహుమతి అనొచ్చో లేదో ఇప్పటికీ తెలియదు. మెడలో విజిల్ ఉండేది కానీ ఊదింది తక్కువ. విజిల్ పిలవడానికే గాని తిట్టడానికి కాదనేవారు. తిట్టాల్సి వస్తే నోరుందిగా అనేవారు, ఆ నోటితోనూ ఎవర్నీ గట్టిగా తిట్టినట్టు గుర్తు లేదు.

మా బళ్లో అప్పటికి ఫుట్‌బాల్ అంటే మగపిల్లల ఆట. ఆట అనడం కూడా మర్యాద కోసమే. ఊరి పిల్లలు ఒక పక్క, పాళెం పిల్లలు ఒక పక్క. బంతి ఒకచోట ఉంటే కొట్టుకోవడం ఇంకొకచోట ఉండేది. ఆడపిల్లలం వరండాలో తాడాటలాడుతూ చూసేవాళ్లం. నేను తాడు తిప్పుతున్నా కళ్లు మాత్రం బంతి మీదే. ఆ గుంపులో దూరి ఒక్కసారి ఆ బంతిని తన్నాలని ఎంతగా ఉండేదో చెప్పలేను. రాత్రి పడుకునే ముందు కాళ్లు దుప్పట్లో కదిలించేదాన్ని.

నేను ఎనిమిదిలో, మా అన్న పదిలో ఉన్నప్పుడు వానలు మొదలైన కొత్తలో అది జరిగింది. బంతి కోసం ఎదురెదురుగా వచ్చి ఇద్దరు గుద్దుకున్నారు. పాళెం పిల్లాడు లేచాడు, మా అన్న లేవలేదు. ఎడమవైపు మెడ కింది ఎముక విరిగింది. సారే మా అన్నని సైకిలు మీద కూర్చోబెట్టుకుని, పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రోడ్డు దాకా తోసుకుంటూ పోయి ఆటో ఎక్కించారు. హెడ్మాస్టరు గారు బంతిని తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంట్లో మా నాయన ఒక్క మాట అన్నాడు, బంతి అనే మాట ఈ ఇంట్లో ఇంక వినపడకూడదని. మా నాయన దర్జీ. కొలిచి మాట్లాడే మనిషి, అన్నాడంటే అన్నట్టే.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం సారు మా షాపుకొచ్చారు. నాయన మిషను తొక్కడం ఆపలేదు. నేను కింద కూర్చుని చొక్కాలకు బొత్తాలు కుడుతున్నాను. సారు బెంచీ మీద కూర్చుని, మిషను ఆగేదాకా ఓపిగ్గా చూసి, అప్పుడన్నారు.

"నా ఆటలో నీ బిడ్డ ఎముక ఇరిగినాది. గుద్దుకుంటారని తెలిసీ చూస్తా ఊరుకున్నా. తప్పు నాదే."

అంత పెద్ద చదువు చదివిన మనిషి తన బెంచీ మీద కూర్చుని తప్పు నాదనేసరికి నాయన నన్ను టీ తెమ్మన్నాడు. నేను టీ తెచ్చేలోగా మాటలు కొలతల్లోకి దిగాయి. మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు, సగం ఎరుపు, సగం నీలం. మిగులు గుడ్డతో కుట్టినా చాలన్నారు సారు. ఎందుకు ఇవన్నీ అని నాయన అడిగాడు. తోకలు అన్నారు సారు. అన్న పడిన దగ్గర్నుంచి మా నాయన నవ్వింది అదే మొదటిసారి.

సారు వివరంగా చెప్పారు. ఒక్కొక్కరూ నడుముకి తోక దోపుకుంటారు. బంతి కాలి దగ్గరున్నవాడి తోక ఎవరైనా లాగితే వాడు ఆగిపోవాలి, బంతి అవతలి జట్టుది. ఒంటి మీద చెయ్యి పడకూడదు, భుజం తగలకూడదు, కాలు అడ్డం పెట్టకూడదు. తన తోకని చేత్తో కప్పుకోకూడదు. లాగినవాళ్లు తోకని తిరిగి చేతికిచ్చి, అవతలివాడు దోపుకునేదాకా ఒక చెయ్యి పైకెత్తి నిలబడాలి. మనిషిని మనిషి ముట్టుకోకుండా ఫుట్‌బాల్. హెడ్మాస్టరు గారు ఒక నెల గడువిచ్చారట. ఆ నెలలో ఒకరి వల్ల ఇంకొకరు ఒక్కసారి పడినా బంతి మళ్లీ బీరువాలోకే, ఇక బయటికి రాదు. నాయన అంతా విని, అంచు మడిచి కుట్టకపోతే పోగులు లేస్తాయని మాత్రం అన్నాడు. అంచులన్నీ మడిచింది నేను. ఒక్కో తోక మడుస్తూ ఇందులో ఒకటి నాది కావాలని అనుకుంటూ మడిచాను.

దసరా సెలవులయ్యాక మొదటి ఆట. బడంతా గ్రౌండులోనే ఉంది, హెడ్మాస్టరు గారు వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. సారు తోకలు పంచి నడుముకి పెట్టుకోమన్నారు. ఇక్కడ ఒక సంగతి ఆయన మర్చిపోయారు. పాళెం పిల్లలు నడక నేర్చినప్పటి నుంచీ వల ముడి వేస్తారు. తాడు గాని, గుడ్డ గాని వాళ్ల చేతికిస్తే ఆ చేతులు ముడి వేసేస్తాయి, అది కూడా సరస్సులో ఇంత చేప గుంజినా ఊడని ముడి. అందరూ బుద్ధిగా తోకల్ని మొలతాడుకి ముడేసుకున్నారు.

ఆట మొదలైంది. మొదటి నిమిషంలోనే ఊరి పిల్లాడొకడు పాళెం పిల్లాడి తోక పట్టి లాగాడు. తోక రాలేదు. ఇంకాస్త బలంగా లాగాడు. తోకతో పాటు నిక్కరొచ్చింది, నిక్కరుతో పాటు మనిషొచ్చాడు, లాగినవాడు వెల్లకిలా పడ్డాడు, వాడి మీద వీడు. ఆడపిల్లలం చున్నీలు నోట్లో కుక్కుకుని నవ్వలేక చచ్చాం. అంతలోనే నాకు షరతు గుర్తొచ్చింది. నెల గడువు ఒక్క నిమిషంలో అయిపోయింది.

హెడ్మాస్టరు గారు బంతి కోసం చెయ్యి చాపుకుంటూ వచ్చారు. సారు బంతి ఇవ్వలేదు. పడిన ఇద్దరినీ లేపి, వాళ్లు నవ్వుతున్నారని చూపించారు. ఒకరినొకరు ముట్టుకోలేదని, తప్పు ముడిదే గాని పిల్లలది కాదని, ముడి సంగతి తనకి తోచకపోవడం తన తప్పని, గడువు రేపటి నుంచి లెక్కపెట్టమని బతిమాలారు. హెడ్మాస్టరు గారికి కోపం నిలబెట్టుకోవడం కష్టమైపోయింది, ఎందుకంటే ఆ నిక్కరు కుర్రాడు ఇంకా ఒక చేత్తో నిక్కరు పట్టుకునే ఆయనకి దండం పెడుతున్నాడు. ఆయన అటు తిరిగి నవ్వుకుని, సరే రేపటి నుంచి అన్నారు.

ఆ తర్వాత సారు అందర్నీ ఇసుకలో కూర్చోబెట్టి చెప్పిన మాట మా బళ్లో చదివిన వాళ్లెవరికీ మర్చిపోవడం కుదరదు.

"మీ ఇంట్లో ముడి ఊడితే చేప పోతాది. ఈడ ముడి ఊడకపోతే మనిషి పోతాడు. దోపండబ్బయా, కట్టబాకండి."

చెప్పడం తేలికే. ఆ తర్వాత ఆటలోకొచ్చిన పోలమ్మ లాంటివాళ్ల వేళ్లు వింటేనా? దోపుతున్నట్టే ఉండేది, చూస్తే ముడి పడి ఉండేది. నేను వెయ్యలేదు సార్, అదే పడింది అనేది. వారం రోజులు సారు ప్రతి ఆట ముందూ అందర్నీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి తోకనీ రెండు వేళ్లతో మెత్తగా లాగి, ఊడి వస్తేనే ఆటలోకి పంపేవారు. ఊడనివాళ్లు ముడి విప్పుకుంటూ గట్టున కూర్చోవాలి.

ఒంటి మీద చెయ్యి పడని ఆట గనక ఆడపిల్లలూ రావచ్చని సారు మూడో రోజే చెప్పారు. కానీ ఒక షరతు పెట్టారు. మొదటి తోక ఇంటివాళ్ల చేత్తో దోపించుకుని రావాలి. అమ్మో, నాయనో, అవ్వో, ఎవరైనా సరే గ్రౌండుకి వచ్చి వాళ్ల చేత్తో దోపాలి. పోలమ్మ వాళ్లమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకునే వచ్చి, గంప దించకుండా, ఒక చేత్తో కూతురి చున్నీలో తోక దోపి, చేపలు చెడిపోకముందే అమ్ముకోవాలని వెళ్లిపోయింది. ఒక్కొక్కరూ ఆటలోకి వెళ్తున్నారు. నేను తోకల సంచి పట్టుకుని గీత బయట నిలబడ్డాను.

సార్, మా నాయన కుట్టిన తోకలే గదా, మా నాయన చెయ్యి దీని మీద పడినట్టే గదా అని వాదించాను. సారు తల అడ్డంగా ఊపారు. "కుట్టేది కూలికమ్మణ్ణీ. దోపేది మనసుకి. ఆయన్ని పిల్చుకోని రా," అన్నారు.

పిలవడమా? ఇంట్లో బంతి మాటే ఎత్తకూడదు. అన్న చెయ్యి కట్టు ఊడినా భుజం ఒక వేలెత్తు పైకే ఉండిపోయింది. పైకి ఎవరూ ఏమీ అనుకునేవాళ్లం కాదు గాని, నాయన అన్న చొక్కాలు కుట్టేటప్పుడు ఎడమ భుజం దగ్గర అరంగుళం ఎక్కువ వదిలేవాడు. వేసుకుంటే రెండు భుజాలూ సమంగా కనబడేవి. ఆ అరంగుళం చూసినప్పుడల్లా అడుగుదామనుకున్నది మానుకునేదాన్ని. పది రోజులు అలాగే గడిచాయి. పదకొండో రోజు అన్నం తినేటప్పుడు ధైర్యం చేసి అడిగేశాను. నాయన తలెత్తలేదు. నీ ఎముకలు మీ అన్న ఎముకల కంటే సన్నం అన్నాడు, అంతే.

కానీ ఆ శుక్రవారం నమాజు చేసుకుని షాపు తెరవకుండా నేరుగా బడికొచ్చాడు. నేను చూసి సంచి వెనక దాక్కున్నాను. సారు ఆయన్ని పలకరించి, ఏమీ చెప్పకుండా, సరుగుడు నీడలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. నాయన చాలాసేపు చూశాడు. ఎవరూ ఎవర్నీ గుద్దలేదు. తోకలు ఊడుతున్నాయి, మళ్లీ ఎక్కుతున్నాయి. చూస్తూ చూస్తూ ఆయనలోని దర్జీ ఊరుకోలేకపోయాడు. తోక పక్కన దోపితే మోచెయ్యి అడ్డమొస్తోందనీ, నడుముకి నడిమధ్యన వెనక దోపితే బావుంటుందనీ సలహా ఇచ్చాడు. అయితే నువ్వే చూపించన్నా అని సారు మా నాయన లుంగీకి వెనక ఒక తోక దోపి గ్రౌండులోకి తోశారు. ఆరో తరగతి పిల్లలు తరుముకున్నారు. మా నాయన లుంగీ ఎగదోపుకుని ఇసుకలో పరిగెత్తడం నేను చూస్తానని కలలో కూడా అనుకోలేదు. నాలుగడుగులు కూడా పోలేదు, తోక ఊడిపోయింది. ఒక చిన్నపిల్ల దాన్ని రెండు చేతుల్లో పట్టుకొచ్చి ఆయన చేతికిచ్చి, దోపుకునేదాకా ఒక చెయ్యి పైకెత్తి నిలబడింది.

నాయన ఆ పిల్ల వంక చూశాడు. మా అన్నని పడేసిన ఆట ఇది కాదని ఆ క్షణాన ఆయనకి నమ్మకం కుదిరిందనుకుంటాను. సంచి దగ్గరికొచ్చి నీలం తోక ఒకటి తీసి, "ఇట్రా," అన్నాడు.

నా చున్నీ నడుముకి బిగించి, దాని వెనక తోక దోపాడు. ఆయన వేళ్ల నుంచి మిషను నూనె వాసన వచ్చింది. దోపి, మెత్తగా లాగి చూశాడు. ఊడి చేతికొచ్చింది. మళ్లీ దోపాడు. నేను కుట్టింది ఊడతాదా లేదా అని చూసుకోవడం నా జన్మలో ఇదే అన్నాడు సారుతో. సారు పగలబడి నవ్వారు. నేను గీత దాటాను.

ఆడడం నాకు రాదని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. బంతి ఒక పక్కకీ నేను ఒక పక్కకీ. అయినా ఆ సాయంత్రమంత సంతోషం నాకు తర్వాత చాలా తక్కువసార్లు దొరికింది. చివర్లో పోలమ్మ బంతితో పోతుంటే వెనక నుంచి పోయి తోక లాగేశాను. ఆ పొగరులో తోకని గిరగిరా తిప్పి ఇసుకలో విసిరేశాను. సారు విజిల్ ఊదారు. ఊదడం అరుదని చెప్పాను కదా, అందరూ ఆగిపోయారు. నన్ను పిలిచి, తోక ఏరించి, దులిపించి, పోలమ్మ చేతికిప్పించారు. అది దోపుకునేదాకా చెయ్యెత్తి నిలబెట్టారు.

"లాక్కునేది ఎవురికైనా వస్తాది. తిరిగిచ్చేదానికే నేర్పాల," అన్నారు. "నువ్వు తోక ఇచ్చేదాకా ఆట ఆగిపోయినట్టే. గుర్తు పెట్టుకో."

నెల గడిచింది. ఎవరూ ఎవరి వల్లా పడలేదు. ఎవరికి వాళ్లు ఇసుకలో బోర్లా పడ్డ సందర్భాలు బోలెడు, అవి లెక్కలోకి రావని హెడ్మాస్టరు గారే ఒప్పుకున్నారు. గడువు చివరి రోజు ఆయన బీరువా తెరిచి, బంతికి గాలికొట్టే పంపు కూడా తెచ్చి సారు చేతికిచ్చారు.

సారుకి ఒక్క వెలితి ఉండిపోయింది. మా అన్న ఆ ఆట ఆడలేదు. ఆ ఏడు కిటికీలోంచి చూసేవాడు. పిలిస్తే పరీక్షలన్నాడు. తర్వాత పనన్నాడు. ఆటో కొనుక్కున్నాక బాడుగ ఉందన్నాడు. అసలు సంగతి అందరికీ తెలుసు, భయం. సారు ఎప్పుడు కనబడ్డా ముందు అడిగేది మా అన్న భుజం గురించే. అందరి చేతా ఆడించినా, ఎవడి కోసం ఈ ఆట కనిపెట్టినానో వాడొక్కడే ఆడలా అనేవారు.

ఇక ఆ ఎర్ర తోక సంగతి. ప్రతి ఏడాదీ పదో తరగతి పిల్లలు బడి వదిలిపోయే ముందు సారుతో ఒక ఆట ఆడేవారు. పిల్లలందరూ నీలం జట్టు, సారూ చిన్న తరగతుల వాళ్లూ ఎరుపు జట్టు. సారు తోక అప్పటిదాకా ఎవరికీ చిక్కలేదు. ఆయన మనకి ముఖం చూపిస్తూనే వెనక్కి పరిగెత్తగలరు, వెనక తోక ఎట్లా అందుతుంది? మా ఏడు ఆట నడుస్తుండగా ఆయన బూటు లేసు ఊడింది. బంతి కాలి కింద పెట్టుకుని వంగారు. నేను పోయి లాగేశాను. పోలమ్మ కూడా అన్యాయం అంది. సారు మాత్రం లేచి నడుం తడుముకుని, న్యాయమే, ఆటలో లేసు కట్టుకోమని ఎవరు చెప్పారు నాకు అన్నారు. అంతలో పాళెం పిల్లల్ని ఇళ్లకి తీసుకెళ్లే బండి హారన్ కొట్టింది. అందరూ ఏడుపులూ నవ్వులూ కలిపేసి అటు పరిగెత్తారు. ఇల్లు చేరాక చూసుకుంటే తోక నా గుప్పిట్లో ఉంది.

మర్నాడు ఇవ్వబోతే సారు చెయ్యి వెనక పెట్టుకున్నారు. గ్రౌండులో ఇవ్వాల్సింది ఇంటికి తెచ్చి ఇస్తే ఎట్లా, ఆట ఆగి ఉంది, ఎప్పుడో గ్రౌండులోనే ఇద్దువు గాని అన్నారు. నాకూ అదే బావుంది. ఆగిన ఆట అయిపోయినట్టు కాదు గదా. ఆ తర్వాత ఎక్కడ కనబడ్డా అన్న భుజం గురించి అడగడం, వెంటనే నా తోక యాడుండాదమ్మణ్ణీ అనడం. నా పెళ్లికి నిమ్మకాయల సంచితో వచ్చి, మా ఆయన చెవిలో ఈ పిల్ల దగ్గర నా తోకుంది, జాగ్రత్తగా ఉండు నాయనా అని చెప్పి వెళ్లారు. పాపం మా ఆయన వారం రోజులు అర్థం కాక తిరిగాడు.

రిటైరయ్యాక సూళ్లూరుపేటలో నా షాపుకి ఏదో ఒక వంకతో వచ్చేవారు. రెండు నెలల కిందట రెండు ప్యాంట్లు తెచ్చారు, నడుము తగ్గించమని. కొలత తీస్తుంటే టేపు నా చేతిలో ఎంతకీ ఆగదే. అంత చిక్కిపోయారు. సొరుగులోంచి తోక తీసి, తీసుకోండి సార్, ఎన్నాళ్లు నా దగ్గర అన్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. అంచు మాత్రం వేలితో తడిమి, "మీ నాయన కుట్టు ఇంకా చెక్కు చెదర్లా. ఉండనీ. ఇప్పుడే ఇచ్చేస్తే నిన్ను చూసేదానికి నాకు వంకేముంటాది?" అన్నారు. నేను మళ్లీ సొరుగులో పెట్టేశాను. అప్పుడు పట్టుబట్టి ఇవ్వాల్సింది. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నానో.

పొద్దున నడకకి బయల్దేరుతూ, కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ పోయారట. గూడూరు వెళ్లేసరికి ఆ బూట్లు గుమ్మం పక్కన ఉన్నాయి. ఒకదాని లేసు కట్టి ఉంది, ఇంకోదానిది కట్టలేదు. తోక నా సంచిలో ఉంది. ఆయన చేతిలో పెడదామనే తీసుకెళ్లాను. దగ్గరికి పోయి కూడా పెట్టలేకపోయాను. తోక అందుకున్నవాళ్లు దాన్ని దోపుకుని మళ్లీ పరిగెత్తాలి, ఆయన ఇంక దోపుకోరు. పోలమ్మ నా చెయ్యి పట్టుకుని, ఈడ గాదు మస్తానీ, గ్రౌండులోనే ఇమ్మన్నారు గదా అంది. అప్పుడు ఏడ్చాను.

కర్మ అయిన తర్వాతి ఆదివారం పాత విద్యార్థులం బడి దగ్గర కలిశాం. ఇప్పుడున్న పీఈటీ మేడమ్ చిన్నమ్మాయే, సారు దగ్గర తోకాట నేర్చుకున్నదే. సారు పేరు మీద ఏం చేద్దామని మాటలొచ్చాయి. ఒకరు పెద్ద ఫ్లెక్సీ అన్నారు, ఒకరు సంతాప సభ అన్నారు. పోలమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, సారుకి ఫ్లెక్సీ ఏందబ్బా, తోకలు తెండి అంది. ఐదు నిమిషాల్లో పొట్టలొచ్చిన మగవాళ్లూ, పిల్లల్ని చంకనేసుకొచ్చిన ఆడవాళ్లూ వరసలో నిలబడిపోయారు. మేడమ్ ఒక్కొక్కరి తోకనీ రెండు వేళ్లతో లాగి చూస్తూ వచ్చింది. పోలమ్మది ఊడలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ముడే. అందరం విరగబడి నవ్వాం.

ఎరుపు జట్టులో సారు చోటు ఖాళీగా ఉంది. బంతి పోలమ్మ కాలి కింద ఉంది. తోక లాగిన జట్టుదే బంతి, కానీ నేను ఆ తోక తిరిగి ఇవ్వందే ఆట కదలదు. నాయన్ని దించడానికొచ్చిన అన్న గేటు దగ్గర ఆటోకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను వాడి దగ్గరికి పోయి తోక చాపాను. వాడు తోకనీ నన్నూ చూసి, నాకు బాడుగుంది మే అన్నాడు. సారు ఆట ఆగి ఉందిరా అన్నాను. వాడి చెయ్యి తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయింది.

కుర్చీలో కూర్చున్న నాయన లేచాడు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలన్నా నేనే ఎక్కించాలి, అంత వణుకు. నా చేతిలోంచి తోక తీసుకుని, "ఇట్రా," అన్నాడు.

అన్న వచ్చాడు. నాయన వాడి వెనక నిలబడి, ప్యాంటు నడుముకి నడిమధ్యన తోక దోపాడు. మెత్తగా లాగి చూశాడు. ఊడి వచ్చింది. మళ్లీ దోపాడు. వీపు మీద ఒకసారి తట్టి, వదిలేశాడు.

నాయన తోక అందుకోగానే నేను గ్రౌండులోకి వచ్చి, అంతసేపూ చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాను. అన్న గీత దాటి సారు చోట్లో నిలబడ్డాక చెయ్యి దించాను. పోలమ్మ బంతి తన్నింది. అన్న ఒక్క క్షణం ఆగి, తర్వాత దాని వెంట పడ్డాడు. చొక్కా అరంగుళం ఎక్కువున్న భుజం అటూ ఇటూ ఊగుతుంటే, వెనక ఆ ఎర్ర తోక గాలికి లేస్తూ, మేమెవరం అందుకోలేనంత దూరంలో, సరుగుడు తోపు వైపు పరిగెత్తుతోంది.